మా బాబు జేబులో పెట్టుకున్న గవ్వ విషపు నత్తట, నిజమేనా? ఒక రిటైర్డ్ జువాలజీ లెక్చరర్ సమాధానం

ప్రశ్న కూకట్‌పల్లి నుంచి ఒక తల్లి అడిగారు. కొంచెం కుదించి ఇస్తున్నాను.

"సార్, పోయిన నెల పిల్లలతో అండమాన్ వెళ్ళాం. హేవ్‌లాక్‌లో సాయంత్రం నీళ్ళు వెనక్కి తగ్గినప్పుడు మా ఎనిమిదేళ్ళ బాబు రాళ్ళ మధ్య ఒక పెద్ద గవ్వ దొరికిందని షార్ట్ జేబులో వేసుకున్నాడు. అరగంట అలాగే తిరిగాడు. రూమ్ దగ్గర పనిచేసే అబ్బాయి చూసి ఒక్కసారిగా అరిచి, మగ్గులోకి దులిపించి తీసుకెళ్ళి సముద్రంలో వదిలేశాడు. అప్పటికి నాకు అర్థం కాలేదు. ఇంటికొచ్చాక వీడియోలు చూస్తే, అది కుడితే సిగరెట్ కాల్చేంత సేపట్లో ప్రాణం పోతుందని చెప్తున్నారు. అప్పటి నుంచి నిద్ర పట్టడం లేదు. మా అత్తగారి దగ్గర పాత గవ్వల డబ్బా ఉంది, నుమాయిష్‌లో కొన్న గవ్వల అద్దం ఉంది. అవి కూడా పారేయాలా? ఒకవేళ కుట్టి ఉంటే ఏం చేయాల్సింది? మా మామగారికి షుగర్, రోజూ ఇన్సులిన్ వేసుకుంటారు. ఈ నత్త దగ్గర కూడా ఇన్సులిన్ ఉంటుందని ఒక వీడియోలో చెప్పారు, అదేమిటి? అక్కడ తీసిన ఫోటో పెడుతున్నాను."

సమాధానం.

అమ్మా, మీ బాబుకి ఏమీ కాలేదు, ఇక కాదు. ఈ నత్త కుడితే దాని ప్రభావం నిమిషాల్లో మొదలై గంటల్లో పూర్తిగా బయటపడుతుంది. వారాల తరబడి ఒంట్లో దాక్కుని తర్వాత లేచే విషం కాదు. కాబట్టి ఆ రోజు రాత్రి వాడు అన్నం తిని మామూలుగా పడుకుని లేచాడంటే ఆ కథ అక్కడితో అయిపోయింది. డాక్టర్‌కి చూపించాల్సిన పని గానీ, రక్త పరీక్షలు చేయించాల్సిన పని గానీ లేదు.

కానీ మీ ఫోటో చూశాక నాకు కాసేపు చెమటలు పట్టిన మాట వాస్తవం. ఆ రూమ్ అబ్బాయి పొరపాటు పడలేదు. ఫోటోలో ఉన్నది కోనస్ జియోగ్రాఫస్ అనే విషపు సముద్రపు నత్త. ఈ కుటుంబంలో తొమ్మిది వందలకు పైగా జాతులున్నాయి. మనుషుల ప్రాణాలు తీసినట్టు నమోదైన వాటిలో ఎక్కువ భాగం ఈ ఒక్క జాతి లెక్కలోనే ఉంటాయి. లేత గులాబీ కలిసిన తెలుపు మీద గోధుమ రంగు మచ్చలు, వాటి మధ్య వల అల్లినట్టు సన్నటి గీతలు. మ్యాప్‌లో దేశాలు గీసినట్టు ఉంటుంది కాబట్టే 1758లో లిన్నేయస్ దీనికి జియోగ్రాఫస్ అని పేరు పెట్టాడు. పది, పన్నెండు సెంటీమీటర్ల పొడవు మామూలే, పదిహేను దాకా కూడా పెరుగుతుంది. గవ్వ పలుచగా, తేలికగా ఉంటుంది, నోరు వెడల్పు. ఇంత అందంగా ఉంటే ఏ పిల్లవాడైనా తీస్తాడు. వాణ్ణి తిట్టకండి.

మన భాషలో దీనికి వాడుకలో ఉన్న పేరు నేను వినలేదు. క్లాసులో నేను శంకు నత్త అనేవాణ్ణి. శంఖం వేరు, శంకువు వేరు. లెక్కల పుస్తకంలో చదివిన శంకువు ఆకారం గుర్తుందా, అది. మీకు ఇంకా సులువుగా చెప్పాలంటే మెహందీ కోన్‌ని గుర్తు తెచ్చుకోండి. ఒక చివర వెడల్పు, ఇంకో చివర సన్నం. వెడల్పు వైపు మెట్లు మెట్లుగా సుడి ఉంటుంది. సన్న చివర నుంచి పై దాకా గవ్వ పొడవునా ఒక సన్నటి చీలిక ఉంటుంది. మనం అష్టాచెమ్మా ఆడే గవ్వకి పొట్ట కింద పళ్ళు పళ్ళుగా చీలిక ఉంటుంది కదా, ఆ పళ్ళు దీనికి ఉండవు. చీలిక అంచు నున్నగా ఉంటుంది. ఈ తేడా పిల్లలకి ఒక్కసారి చూపిస్తే చాలు, మర్చిపోరు.

ఇప్పుడు దాని ఆయుధం గురించి. మామూలు నత్తల నోట్లో ఆకురాయి లాంటి ఒక పట్టీ ఉంటుంది. దాని మీద వరుసగా చిన్న చిన్న పళ్ళు. వాటితో పాచి గీక్కుని తింటాయి. శంకు నత్తల్లో ఆ పళ్ళే మారిపోయాయి. ఒక్కో పన్ను లోపల బోలుగా, చివర ముల్లు వంచినట్టు ఉండే ఒక సూది అయింది. చేపలు పట్టేవాళ్ళ బల్లెం, ఆసుపత్రి ఇంజెక్షన్ సూది, రెండూ కలిపి ఒకటే చేస్తే ఎలా ఉంటుందో అలా. ఇవి ఒక సంచిలో కట్ట కట్టినట్టు సిద్ధంగా ఉంటాయి. అవసరమైనప్పుడు ఒకటి తొండం చివరికి వస్తుంది. లోపల చుట్టలు చుట్టుకుని ఒక పొడవాటి విషనాళం ఉంటుంది, దాని వెనక కండతో చేసిన తిత్తి. తిత్తి బిగుసుకుంటే విషం నాళం గుండా సూదిలోకి, సూది లోంచి ఎదుటి ప్రాణిలోకి వెళ్తుంది. సూది విసరడం అనేది సెకనులో వెయ్యో వంతు కన్నా తక్కువ కాలంలో జరిగిపోతుంది. ఒకసారి వాడిన సూది మళ్ళీ వాడదు. ఇంకొకటి తెచ్చుకుంటుంది.

నత్త నడక అనే మాట మనకి తెలుసు. ఆ నడకతో చేపను ఎలా పడుతుందని మీరు అడగలేదు గానీ, మీ ఇన్సులిన్ ప్రశ్నకి జవాబు అక్కడే ఉంది. జియోగ్రాఫస్ పగలంతా ఇసుకలోనో చచ్చిన పగడపు ముక్కల కిందో దాక్కుంటుంది. చీకటి పడ్డాక బయటికి వస్తుంది. ముందు ఒక గొట్టం చాచి నీళ్ళు పీల్చి వాసన పడుతుంది. రాత్రి పూట చిన్న చేపలు పగడపు సందుల్లో గుంపులుగా నిద్రపోతుంటాయి. వాటి దగ్గరకి వెళ్ళి తన నోటిని గొడుగు విప్పినట్టు, వల పరిచినట్టు పెద్దది చేస్తుంది. అంతకన్నా ముందు నీళ్ళలోకి కొన్ని రసాయనాలు వదులుతుంది. వాటిలో ఇన్సులిన్ ఒకటి. చేపల మొప్పల గుండా అది రక్తంలోకి వెళ్ళి చక్కెర ఒక్కసారిగా పడిపోతుంది. చేపలు మత్తుగా, దిక్కు తెలియనట్టు అయిపోతాయి, పారిపోవు. ఆ వల లాంటి నోరు వాటి మీదుగా మూసుకుంటుంది. లోపలికి వెళ్ళాక ఒక్కోదాన్ని సూదితో కుడుతుంది. కొన్ని గంటలకి పొలుసులు, ముళ్ళు, వాడేసిన సూదులు బయటికి కక్కేస్తుంది. చేపను మత్తులో ముంచే ఈ పదార్థాల ముఠాకి శాస్త్రవేత్తలు నిర్వాణ అనే మన మాటే పెట్టారు.

ఈ ఇన్సులిన్ సంగతి 2015లో బయటపడింది. హెలెనా సఫావీ-హెమామీ అనే శాస్త్రవేత్త, అమెరికాలోని యూటా విశ్వవిద్యాలయంలో తన తోటివాళ్ళతో కలిసి చేసిన పని అది. ఆశ్చర్యం ఏమిటంటే అది నత్తలు తమ ఒంటి కోసం తయారు చేసుకునే ఇన్సులిన్ లా లేదు, చేపల ఇన్సులిన్ లా ఉంది. అంటే కేవలం వేట కోసం తయారు చేసుకున్నది. మన ఒంట్లో ఇన్సులిన్‌లో 51 అమైనో ఆమ్లాలు, అంటే ప్రోటీన్ దండలోని పూసల్లాంటివి, ఉంటాయి, దీనిలో 43. మీ మామగారి సంగతికి వద్దాం. సీసాలో ఉండే మామూలు ఇన్సులిన్ అణువులు ఆరారుగా జట్టు కట్టి ఉంటాయి. ఇంజెక్షన్ చేశాక ఆ జట్టు విడిపోయి ఒక్కొక్కటిగా రక్తంలోకి చేరాలి. అందుకే కొన్ని రకాల ఇన్సులిన్ వేసుకున్నాక అన్నం తినడానికి కాసేపు ఆగమంటారు. నత్త ఇన్సులిన్‌లో ఆ జట్టు కట్టించే తోక భాగం లేదు. మొదటి నుంచీ ఒంటరి అణువే, అందుకే వెంటనే పనిచేస్తుంది. తోక లేకుండా కూడా మన కణాల తలుపు ఎలా తట్టగలుగుతోందో ఆస్ట్రేలియాలోని శాస్త్రవేత్తలతో కలిసి 2016లో చూపించారు. ఇంకా వేగంగా పనిచేసే ఇన్సులిన్ తయారీకి ఇప్పుడు అదొక నమూనా. మీ మామగారు వాడుతున్నది నత్త ఇన్సులిన్ కాదు, భయపడవద్దని చెప్పండి.

మరి ఇన్సులినే మనిషిని చంపుతుందా? కాదు. ఇక్కడ చాలా వీడియోలు తప్పు చెప్తున్నాయి. ఈ నత్త దగ్గర రెండు రకాల విషం ఉంటుంది. వేటకి ఒకటి, తనను ఎవరైనా తినబోతే కాపాడుకోవడానికి ఒకటి. విషనాళంలోనే ఒక కొసన ఇది, ఒక కొసన అది తయారవుతాయని 2014లో తేలింది. మనం చేతిలోకి తీసుకుంటే దానికి మనం చేపలం కాదు, శత్రువులం. అప్పుడు వచ్చేది రెండో విషం. దానిలో ఉండేవి నరం నుంచి కండకి వెళ్ళే కబురుని ఆపేసేవి.

మన తెలంగాణ పల్లెల్లో కట్లపాము కాటు గురించి తెలిసినవాళ్ళకి ఇది వెంటనే అర్థమవుతుంది. రాత్రి నిద్రలో కరుస్తుంది, పెద్దగా నొప్పి ఉండదు, వాపు ఉండదు. తెల్లారేసరికి రెప్పలు వాలిపోతాయి, మాట ముద్దగా వస్తుంది, తర్వాత ఊపిరి అందదు. జియోగ్రాఫస్ కుట్టినా దాదాపు ఇదే వరుస. కుట్టినట్టే సరిగ్గా తెలియకపోవచ్చు, చిన్న ముల్లు గుచ్చుకున్నట్టు ఉంటుంది. ఆ చోట తిమ్మిరి, పెదవుల చుట్టూ తిమ్మిరి, వస్తువులు రెండుగా కనిపించడం, రెప్పలు వాలడం, మింగలేకపోవడం, కాళ్ళు చేతులు పట్టు తప్పడం, చివరికి ఊపిరి తీసే కండరం ఆగిపోవడం. చికిత్స అందని కేసుల్లో ప్రాణం పోవడానికి సుమారు గంట నుంచి ఐదు గంటలు పట్టింది. సిగరెట్ కాల్చేంత సేపు అనేది అతిశయోక్తి. ఈ తేడా ఊరికే చెప్పడం లేదు. ఆ గంటల్లోనే మనిషిని బతికించే అవకాశం ఉంది. "ఎలాగూ అయిపోయింది" అనుకుని చేతులు ముడుచుకుంటేనే ప్రాణం పోతుంది. ఒక్క చుక్కతో ఇరవై మంది చస్తారు లాంటి మాటలు కూడా పట్టించుకోకండి, మనుషుల మీద అలాంటి లెక్క ఎవరూ కట్టలేదు.

చావులు నమోదవడం కొత్త కాదు. ఇండోనేషియా దీవుల్లో పనిచేసిన రంఫియస్ అనే ప్రకృతి శాస్త్రవేత్త పుస్తకం 1705లో అచ్చయింది. బాందా దీవుల్లో ఒక బానిస స్త్రీ వలలోంచి తీసిన శంకు నత్తని చేతిలో పట్టుకుని ఒడ్డుకి నడిచి వచ్చేలోపే చనిపోయిందని అందులో ఉంది. 1935లో ఆస్ట్రేలియాలోని హేమన్ దీవిలో ఒక యువకుడు జియోగ్రాఫస్ కుట్టి మరణించాడు. ఆ కేసుతోనే డాక్టర్లు దీన్ని గట్టిగా పట్టించుకోవడం మొదలుపెట్టారు. ఇన్ని శతాబ్దాల్లో ప్రపంచం మొత్తం మీద లెక్కకి వచ్చిన చావులు కొన్ని పదులు మాత్రమే. మన దగ్గర ఒక్క వానాకాలంలో పాము కాటుకి పోయేవాళ్ళతో పోలిస్తే ఇది చాలా చిన్న సంఖ్య. అయితే జియోగ్రాఫస్ కుట్టినట్టు నమోదైన పాత కేసుల్లో సగానికి పైగా బతకలేదు. అరుదే, కానీ జరిగితే మాత్రం తేలిక కాదు.

ఇప్పుడు నేను అన్నిటికన్నా గట్టిగా చెప్పాలనుకున్నది. "వెడల్పు వైపు పట్టుకుంటే ఏం కాదు, నోరు సన్న వైపు ఉంటుంది కదా" అని చాలామంది చెప్తారు. గవ్వలు సేకరించేవాళ్ళు చెప్తారు, గైడ్‌లు చెప్తారు. నాకూ అలాగే చెప్పారు. 1980ల చివర్లో ఎమ్మెస్సీ అయ్యాక రెండేళ్ళు తమిళనాడులో మండపం దగ్గర ఒక ప్రాజెక్టులో పనిచేశాను. మన్నార్ సింధుశాఖలో శంకు నత్తలు చాలా రకాలు దొరుకుతాయి. తెల్లవారుజామున బోట్లు వచ్చి వలలు దులిపే చోట, పనికిరానివని పక్కన పడేసిన కుప్పలోంచి వాటిని ఏరడం నా పని. ఒక రోజు ఒకదాన్ని వెడల్పు వైపే పట్టుకుని, పైన ఉన్న మట్టి రంగు పొరని చాకుతో గీకుతున్నాను, కింద డిజైన్ చూద్దామని. చూపుడు వేలి పక్కన కందిరీగ కుట్టినట్టయింది. సన్న చివర నుంచి వచ్చిన తొండం గవ్వ పొడవునా వెనక్కి వంగి నా వేలి దాకా వచ్చింది. నా కళ్ళతో చూశాను. అది సముద్రపు పురుగులను తినే జాతి, అందుకే వేలు మర్నాడు మధ్యాహ్నం దాకా మొద్దుబారి, వాచి ఊరుకుంది. అదే చోట జియోగ్రాఫస్ ఉండి ఉంటే మా ఇంటికి టెలిగ్రామ్ వెళ్ళేది. ఆ తర్వాత ముప్పై ఏళ్ళు పాఠం చెప్పాను, ప్రతి బ్యాచ్‌కీ ఈ వేలు చూపించాను. ఈ నత్తను పట్టుకోవడానికి భద్రమైన వైపు అంటూ ఏదీ లేదు. సన్నటి గ్లవ్స్, గుడ్డ సంచి, షార్ట్ జేబు, వీటన్నిటి గుండా ఆ సూది వెళ్తుంది. జేబులో వెచ్చగా, ఒత్తిడిగా ఉన్నప్పుడు దానికి చిరాకు ఇంకా ఎక్కువవుతుంది. మీ బాబు విషయంలో అది భయపడి పూర్తిగా లోపలికి ముడుచుకుని ఉండిపోయింది, అదృష్టం.

బతికి ఉందా లేదా అనేది చూసి చెప్పడం కూడా సులువు కాదు. చాలా నత్తలకి నోటికి తలుపు లాంటి మూత ఉంటుంది, ముడుచుకుంటే ఆ మూత కనిపిస్తుంది. శంకు నత్తలకి ఆ మూత గోరంత ఉంటుంది, నోరు మూయదు. లోపలికి ముడుచుకుంటే ఖాళీ గవ్వలాగే ఉంటుంది. ఒక గుర్తు మాత్రం ఉంది. బతికున్న శంకు నత్త గవ్వ మీద సాధారణంగా గోధుమ రంగు చర్మం లాంటి పొర ఉంటుంది, డిజైన్ మసకగా కనిపిస్తుంది. ఎండకి వెలిసి, అంచులు అరిగి, ఇసుక నిండి ఒడ్డున పడి ఉన్నది ఖాళీది. కానీ పిల్లలకి ఈ తేడాలు నేర్పి తీసుకోమనడం కన్నా, నీళ్ళలో ఉన్న ఏ గవ్వనీ చేత్తో ముట్టుకోవద్దు అని ఒక్క మాట చెప్పడం మేలు.

కుడితే ఏం చేయాలి అని అడిగారు. మళ్ళీ సముద్రానికి వెళ్తారు కాబట్టి ఇది శ్రద్ధగా చదవండి. దీనికి విరుగుడు మందు లేదు. మన ఆసుపత్రుల్లో పాము కాటుకి ఇచ్చే ఇంజెక్షన్ నాగుపాము, కట్లపాము, రక్తపింజర, చిన్నపింజర అనే నాలుగింటికి తయారైంది. అది దీనికి పనిచేయదు, పైగా దాని రియాక్షన్ వేరే తలనొప్పి. కాబట్టి ఎవరైనా అదివ్వబోతే సముద్రపు నత్త అని గట్టిగా చెప్పాలి. మనిషిని నడిపించకూడదు, కూర్చోబెట్టాలి లేదా పడుకోబెట్టాలి. కుట్టింది చేతికో కాలికో అయితే వెడల్పాటి క్రేప్ బ్యాండేజీతో వేళ్ళ దగ్గర మొదలుపెట్టి పైదాకా చుట్టాలి. బెణికిన కాలికి కట్టినంత బిగువు చాలు, వేళ్ళు నల్లబడకూడదు. బ్యాండేజీ లేకపోతే చున్నీ చింపి చుట్టండి. ఏదైనా కర్ర ఊతంగా పెట్టి ఆ చెయ్యి కదలకుండా కట్టండి. విషం కండ కదలికతో పైకి పాకుతుంది, దాన్ని ఆలస్యం చేయడానికే ఇదంతా. తాడుతో బిగించి కట్టడం, బ్లేడుతో కోయడం, నోటితో పీల్చడం, పసరు పూయడం వద్దు. వేడి నీళ్ళలో పెడితే నొప్పి తగ్గుతుంది గానీ విషం ఆగదు. పురుగులు తినే చిన్న జాతులు కుట్టినప్పుడు అది హాయిగా ఉంటుంది, జియోగ్రాఫస్‌కి కట్టే ముఖ్యం.

తర్వాత అన్నిటికన్నా ముఖ్యమైనది ఊపిరి. హేవ్‌లాక్ నుంచి, అంటే ఇప్పటి స్వరాజ్ ద్వీప్ నుంచి పోర్ట్ బ్లెయిర్‌కి ఓడలో గంటన్నర, రెండు గంటల పైనే పడుతుంది. పోర్ట్ బ్లెయిర్ పేరు కూడా 2024లో శ్రీ విజయపురం అయింది. అందుకే లక్షణాలు వచ్చేదాకా ఆగకూడదు. అక్కడి ఆరోగ్య కేంద్రానికి వెంటనే చెప్పి, వెంటిలేటర్ ఉన్న చోటికి తరలించమని పట్టుబట్టాలి. దారిలో ఊపిరి ఆగితే నోటి ద్వారా ఊపిరి ఇస్తూనే ఉండాలి, పది నిమిషాలకి విసిగి ఆపకూడదు. గుండె కొట్టుకుంటూ ఉంటుంది, కండరాలు మాత్రమే ఆగి ఉంటాయి. కొన్ని గంటలో, ఒక రోజో యంత్రం ఊపిరి ఇస్తే విషం దానంతట అదే వదిలిపోయి మనిషి లేచి కూర్చుంటాడు. ఇంకో మాట, ఇది చాలామందికి తెలియదు. కదలకుండా, కళ్ళు తెరవకుండా, కనుపాప వెలుతురుకి స్పందించకుండా పడి ఉన్నా అతనికి లోపల స్పృహ ఉండి, మన మాటలు వినబడుతుండొచ్చు. పక్కన ఏడుస్తూ అశుభం మాట్లాడకండి. "ఊపిరి మేము ఇస్తున్నాం, నీకు తగ్గిపోతుంది" అని చెవిలో చెప్పండి.

మీ అత్తగారి డబ్బా జోలికి వెళ్ళకండి. విషం గవ్వలో ఉండదు, లోపలి మెత్తటి ప్రాణిలో ఉంటుంది. ఆ ప్రాణి పోయి, కుళ్ళి, ఎండిపోయాక మిగిలింది సున్నపు గుల్ల. పిల్లలు దాంతో ఆడుకోవచ్చు, కడుక్కోవచ్చు, చెవి దగ్గర పెట్టుకోవచ్చు. నుమాయిష్‌లో, చార్మినార్ దగ్గర అమ్మే గవ్వల అద్దాలు, తెరలు కూడా అంతే, ప్రమాదం లేదు. నాకు బాధ కలిగించేది వేరే. అలా అమ్మే గవ్వల్లో చాలా భాగం ఒడ్డున దొరికినవి కావు. ప్రాణంతో పట్టి, ఉడికించి, లోపలిది తీసి, యాసిడ్‌తో పాలిష్ పట్టినవి. కొత్తవి కొనకపోతే మంచిదని నా అభిప్రాయం. చట్టం కూడా ఉంది. వన్యప్రాణి సంరక్షణ చట్టం షెడ్యూల్లో 2001లో కొన్ని సముద్రపు గవ్వలని చేర్చారు. శంకు నత్తల్లో కోనస్ మిల్నెఎడ్వర్డ్‌సీ, అంటే గ్లోరీ ఆఫ్ ఇండియా అని పేరున్న పొడవాటి అందమైన జాతి, ఆ జాబితాలో ఉంది. అది మీ దగ్గర ఉండటం కూడా నేరమే. జియోగ్రాఫస్ ఆ జాబితాలో లేదు గానీ అండమాన్ మెరైన్ నేషనల్ పార్కుల్లోంచి ఏ గవ్వనైనా, పగడాన్నైనా తీయడం నిషిద్ధం. ఎయిర్‌పోర్ట్‌లో బ్యాగులో దొరికితే తీసేసుకుంటారు.

హైదరాబాద్‌లో ఇంట్లో ఉప్పునీటి అక్వేరియం పెట్టుకునేవాళ్ళు ఈమధ్య పెరిగారు. ఎవరైనా ఇది చదువుతుంటే ఒక మాట. సముద్రపు రాళ్ళతో, ఇసుకతో పాటు చిన్న శంకు నత్తలు తెలియకుండా వచ్చే అవకాశం ఉంది. ట్యాంకులో చేయి పెట్టే ముందు టార్చి వేసి చూడండి. కొత్త నత్త కనబడితే చేత్తో కాకుండా పొడవాటి పటకారుతో తీయండి.

ఇంత చెప్పాక దీని మీద మీకు అసహ్యం మిగిలిపోతే నేను సరిగ్గా చెప్పనట్టే. ఫిలిప్పీన్స్‌లో పుట్టిన బాల్డొమెరో ఒలివెరా అమెరికాలో డీఎన్ఏ మీద పరిశోధన చేసి స్వదేశం వెళ్ళాడు. అక్కడ ల్యాబ్‌లో ఆ పనికి కావాల్సిన పరికరాలు లేవు. ఖర్చు లేకుండా చేయగలిగిన పని ఏముందని వెతికి, తమ తీరంలో దొరికే శంకు నత్తల విషం తీసుకున్నాడు. లూర్దెస్ క్రూజ్ అనే శాస్త్రవేత్త ఆయనతో కలిసింది. తర్వాత యూటా వెళ్ళాక, ఆ విషం ఒకే పదార్థం కాదని, ఒక్కో నత్తలో వందకి పైగా పెప్టైడ్‌లు, అంటే చిన్న చిన్న ప్రోటీన్ ముక్కలు, ఉంటాయని, ఒక్కోటి నరాల మీద ఒక్కో తాళాన్ని మాత్రమే పట్టుకుంటుందని తేలింది. ఒకటి ఇస్తే ఎలుక నిద్రపోయేది, ఇంకొకటి ఇస్తే వణికేది. అప్పుడప్పుడే హైస్కూల్ దాటి ఆ ల్యాబ్‌లో చేరిన మైకేల్ మెకింటోష్ అనే కుర్రాడు కోనస్ మేగస్ అనే జాతి విషంలోంచి 25 అమైనో ఆమ్లాల పెప్టైడ్ ఒకటి వేరు చేశాడు. నొప్పి కబురు వెన్నుపాములో ముందుకి వెళ్ళడానికి వాడుకునే కాల్షియం ద్వారాన్ని అది మూసేస్తుంది. అదే జికోనొటైడ్ అనే మందు అయింది. 2004 డిసెంబర్‌లో అమెరికాలో అనుమతి వచ్చింది. మార్ఫిన్‌కి కూడా లొంగని నొప్పులకి వెన్నులో చిన్న పంపు ద్వారా ఇస్తారు. మార్ఫిన్ లాగా అలవాటు పడటం దీనికి లేదు. అయితే మాత్రగా మింగే మందు కాదు, మానసిక దుష్ప్రభావాలు కూడా ఉన్నాయి కాబట్టి చాలా తక్కువ మందికే ఇస్తారు. మన దేశంలో కూడా ముంబైలోని టాటా పరిశోధన సంస్థ టీఐఎఫ్ఆర్‌లో కె.ఎస్. కృష్ణన్, బెంగళూరు ఐఐఎస్సీలో పి. బలరామ్ మన తీరపు శంకు నత్తల పెప్టైడ్‌ల మీద ఏళ్ళ తరబడి పనిచేశారు. నేను మండపంలో కుప్పలో ఏరిన జాతులే వాళ్ళ ల్యాబుల్లోకీ వెళ్ళాయని తలుచుకుంటే నాకు ఇప్పటికీ సంతోషంగా ఉంటుంది.

మీ బాబు విషయానికొస్తే, వాడు చేసింది తప్పు అని కాకుండా, వాడి జేబులో ఉన్నది ఒక ప్రాణి అని చెప్పండి. రాత్రి పూట గొడుగులా నోరు విప్పి చేపలు పట్టే ప్రాణి అని చెప్పండి. ఎనిమిదేళ్ళ పిల్లవాడికి అది దయ్యం కథ కన్నా బాగుంటుంది. ఆ రూమ్ అబ్బాయికి ఒకసారి ఫోన్ చేసి థాంక్స్ చెప్పండి. అతను దాన్ని చేత్తో ముట్టకుండా మగ్గులోకి దులిపించాడు చూడండి, అదే సరైన పద్ధతి.

డబ్బాలో ఏమున్నాయో చూడాలని నాకూ ఉంది. గవ్వలన్నీ ఒక పేపర్ మీద పరిచి, పక్కన స్కేల్ పెట్టి, నోటి వైపు ఒకసారి, వీపు వైపు ఒకసారి ఫోటో తీసి ఇక్కడే పెట్టండి. మీ అత్తగారిని అడిగి అవి ఏ ఊళ్ళో, సుమారు ఏ సంవత్సరంలో దొరికాయో కూడా రాయండి. ఏది శంకు నత్తో, ఏది మామూలు గవ్వో, జాబితాలో ఉన్నది ఏదైనా ఉందేమో చూసి చెప్తాను.